ఆక్సిజన్‌ను గంటల్లో లెక్కించిన ఒక కేసు: చిత్తూరు, 2021 మే

ఈ కేసులో జబ్బు కోవిడ్ న్యుమోనియా, అరుదైనది కాదు. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఇలాంటి ఊపిరితిత్తులతో వచ్చినవారు అప్పటి ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ప్రతి ఆసుపత్రిలోనూ కనిపించారు. అయినా దీన్ని నమోదు చేస్తున్నాను. రోగికి నిమిషానికి ఎన్ని లీటర్ల ఆక్సిజన్ వెళ్లాలో నిర్ణయించడానికి పడక దగ్గర డాక్టరు తిప్పే ఫ్లోమీటరుకూ, ఆసుపత్రి వెనుక గ్యాస్ గదిలో మిగిలిన సిలిండర్లకూ మధ్య ఉన్న సంబంధాన్ని ఇంత స్పష్టంగా చూపిన రోగి మాకు మరొకరు లేరు. రోగిని గుర్తుపట్టే వీలు కల్పించే వివరాలు, ఆసుపత్రి పేరు వదిలేశాను.

నేపథ్యం

చిత్తూరు పట్టణంలో పనిచేసే వైద్యులకు రెండు వైపులా పెద్ద ఆసుపత్రులున్నాయి. ఒక వైపు సుమారు 70 కిలోమీటర్ల దూరంలో తిరుపతి, అక్కడ రుయా, స్విమ్స్. మరో వైపు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో రాష్ట్ర సరిహద్దు దాటితే వేలూరు. మామూలు రోజుల్లో మా చేయి దాటిన రోగిని ఈ రెంటిలో ఒకచోటికి పంపుతాము. మా వంటి మధ్యస్థాయి ఆసుపత్రుల ఏర్పాట్లన్నీ, పైకి చెప్పకపోయినా, ఈ ధీమా మీదే నిర్మితమై ఉంటాయి.

2020లో వచ్చిన మొదటి ఉధృతిలో అందరి ముందూ ఉన్న ప్రశ్న, జనాన్ని ఎక్కడ ఉంచాలి అన్నది. మార్చి 20న తిరుమలలో భక్తుల దర్శనాలు నిలిచిపోయాయి. యాత్రికుల కోసం కట్టిన శ్రీనివాసం, విష్ణునివాసం, తిరుచానూరులోని పద్మావతి నిలయం వంటి వసతి సముదాయాలు కోవిడ్ కేంద్రాలయ్యాయి. ఆ ప్రశ్నకు అది మంచి జవాబే. మా ఆసుపత్రి కూడా ఆ ఏడాదే ఆపరేషన్ థియేటరుకూ ఐసీయూకూ పరిమితమై ఉన్న ఆక్సిజన్ పైపులైనును వార్డులన్నిటికీ పొడిగించింది. ప్రతి పడక తలాపున ఒక అవుట్‌లెట్ వచ్చింది. ఆ పడకలన్నీ ఆక్సిజన్ పడకలుగా నమోదయ్యాయి.

అయితే ఆ పైపుకు ప్రాణవాయువును అందించే మానిఫోల్డ్ మాత్రం పాతదే. రెండు వరుసల జంబో సిలిండర్లు ఉండేవి. ఒక వరుస ఖాళీ అయితే రెండో వరుసకు మార్చుకోవాలి, ఈలోగా ఖాళీ అయినవాటిని లారీలో ఫిల్లింగ్ స్టేషన్‌కు పంపి నింపించుకోవాలి. ద్రవ ఆక్సిజన్ ట్యాంకు మాకు లేదు. తనిఖీకి వచ్చినవారి పట్టికలో పడకలు, వెంటిలేటర్లు, పీపీఈ కిట్లు, సిలిండర్ల సంఖ్య అడిగే గడులున్నాయి. అన్ని పడకల్లోనూ రోగులు ఒకేసారి ఆక్సిజన్ పీల్చుకుంటే ఆ సిలిండర్లు ఎన్ని గంటలు నిలుస్తాయన్న గడి లేదు. 2021 మార్చి దాకా ఆ గడి అవసరం కూడా ఎవరికీ కనిపించలేదు, ఎందుకంటే మొదటి ఉధృతిలో మా రోగుల్లో ఎక్కువమందికి నిమిషానికి నాలుగైదు లీటర్లతోనే సరిపోయింది.

రోగి వచ్చినప్పటి పరిస్థితి

రోగి యాభై దాటిన రైతు, పడమటి మండలాలవారు. పదేళ్లకు పైగా మధుమేహం, దానికి మాత్రలు వాడుతున్నారు. జ్వరం మొదలైన మూడో రోజు నుంచి ఊళ్లో ఇచ్చిన మందుల్లో మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 32 మిల్లీగ్రాములు ఉంది. అప్పటికి ఆయనకు ఆయాసం లేదు, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) చూసినవారూ లేరు. ఎనిమిదో రోజున సీటీ తీయించుకున్నారు, ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే స్కోరు 25కి 17. తొమ్మిదో రోజు సాయంత్రం కారులో, కిటికీ అద్దాలు దించుకుని, మా దగ్గరకు వచ్చారు.

మామూలు గాలి మీద సాచురేషన్ 78, శ్వాస నిమిషానికి 36. మాట పూర్తి కాకుండానే ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. రక్తపోటు నిలకడగా ఉంది. గ్లూకోజ్ 412, కీటోన్లు లేవు, మూడు నెలల సగటు షుగరును చూపే హెచ్‌బీఏ1సీ 9.4. సంచి ఉన్న ఎన్‌ఆర్‌బీఎం మాస్కుతో నిమిషానికి 15 లీటర్లు పెడితే సాచురేషన్ 88 దగ్గర ఆగిపోయింది.

ఆయన సమస్య తీవ్రమైన కోవిడ్ న్యుమోనియా, అదుపులో లేని షుగరు, అవసరం లేని దశలోనే మొదలైన స్టెరాయిడ్. ఆసుపత్రి సమస్య అంత తొందరగా కనిపించేది కాదు. ఆయన వచ్చేసరికి వార్డులో ఖాళీ పడక ఒక్కటే ఉంది, గ్యాస్ గదిలో నిండు సిలిండర్లు ఒక వరుసకు కొంచెం ఎక్కువ ఉన్నాయి, నింపుకోవడానికి వెళ్లిన లారీ వరుసలో నిలబడి ఉంది. మే 5 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్నం 12 తర్వాత కర్ఫ్యూ. ఆక్సిజన్ లారీకి అడ్డు లేకపోయినా, ఫిల్లింగ్ స్టేషన్ ముందు నిలిచిన బండ్ల వరుసను ఏ అనుమతీ తగ్గించలేదు.

మొదటి రాత్రి

మాస్కుతో 88 దాటని, శ్వాస 36 ఉన్న రోగికి తర్వాతి మెట్టు హై ఫ్లో నేజల్ కాన్యులా. వేడి, తేమ కలిపిన గాలిని నిమిషానికి 60 లీటర్ల దాకా ముక్కులోకి పంపే యంత్రమిది. రోగి బలంగా పీల్చే వేగానికి తగ్గట్టు ఇది గాలి అందించగలదు కనుక బయటి గాలి కలిసి ఆక్సిజన్ శాతం పడిపోదు, ఊపిరి తీసే శ్రమ తగ్గుతుంది. అందుకే దాన్నే ఎంచుకున్నాము. 60 లీటర్లు, 90 శాతం ఆక్సిజన్ పెట్టాము. పావుగంటలో సాచురేషన్ 97కు చేరింది, శ్వాస 34కు తగ్గింది. కుటుంబానికి ఆ అంకె ఫోనులో చేరింది.

ఆ అమరిక గ్యాస్ గదిలో ఏం చేస్తుందో కాగితం మీద వేసి చూడాలి. హై ఫ్లోలో వచ్చే గాలిలో కొంత మామూలు గాలి. 60 లీటర్లలో 90 శాతం ఆక్సిజన్ కావాలంటే సిలిండరు నుంచి నిమిషానికి సుమారు 52 లీటర్లు రావాలి. జంబో సిలిండరులో పట్టేది 7 ఘనపు మీటర్లు, అంటే 7,000 లీటర్లు. ఒక సిలిండరు రెండుంబావు గంటల్లో అయిపోతుంది. ఒక్క రోగికి రోజుకు పదికి పైగా సిలిండర్లు. అదే 15 లీటర్ల మాస్కు మీద ఉన్న రోగికి ఒక సిలిండరు దాదాపు ఎనిమిది గంటలు వస్తుంది, రోజుకు మూడు చాలు. హై ఫ్లో మీద ఉన్న ఒక్క రోగి మాస్కు మీద ఉన్న ముగ్గురు నలుగురి వాటా తీసుకుంటున్నాడన్నమాట. ఆ రాత్రి మా దగ్గర మరికొందరు కూడా హై ఫ్లో మీద ఉన్నారు.

అర్ధరాత్రి దాటాక పైపులైను ఒత్తిడి 4 బార్ల నుంచి 3 దగ్గరికి దిగింది. సిలిండర్లు పూర్తిగా ఖాళీ కాకముందే ఇలా జరగడానికి కారణముంది. రెగ్యులేటరు ఒక్కసారిగా పంపగలిగే గాలికి పరిమితి ఉంటుంది. ఎక్కువ వేగంతో గాలి పోతుంటే అది చల్లబడి మంచు కడుతుంది, అప్పుడు ఇంకా తక్కువ పంపుతుంది. ఒత్తిడి తగ్గితే మొదట దెబ్బ తగిలేది మానిఫోల్డుకు దూరంగా ఉన్న పడకకు. వీధి మొదట్లో మోటార్లు పెట్టి లాగితే చివరి ఇంటి కుళాయికి నీళ్లు రానట్టే ఇది. మా వార్డు చివరి పడకలో మాస్కు మీద నిలకడగా ఉన్న ఒక పెద్దావిడ సాచురేషన్ ఉన్నట్టుండి పడింది. ఆమె జబ్బు ముదరలేదు, ఆమెకు రావలసిన ఆక్సిజన్ రాలేదు అంతే. సిస్టర్ వెంటనే విడి సిలిండరుకు మార్చడంతో ఆమె కోలుకున్నారు. టెక్నీషియన్ వరుస మార్చి, రెగ్యులేటర్ల మీద మంచు కరిగించి, ఒత్తిడిని తిరిగి తెచ్చాడు. ఆ నెలలోనే మన జిల్లాలో ఆక్సిజన్ ఒత్తిడి తగ్గి ప్రాణాలు పోయాయి. కనుక చివరి పడక సంగతి ఎవరూ చిన్నదిగా చూడలేదు.

ప్రయత్నించి వదిలేసినవి

పెద్ద ఆసుపత్రికి పంపడం గురించి మొదట ఆలోచించాము. తిరుపతిలోనూ వేలూరులోనూ ఐసీయూ పడక ఆ రాత్రికి దొరకలేదు. తెల్లవారాక ఒకచోట వార్డు పడక దొరకవచ్చన్న కబురు వచ్చింది. పంపాలా వద్దా అన్నది ప్రయాణంలో ఆయన ఏ యంత్రం మీద ఉంటారన్న దాన్ని బట్టి తేల్చాము. అంబులెన్సులో హై ఫ్లో ఉండదు, మాస్కు మీదే వెళ్లాలి. అందులో ఉండే బీ టైపు సిలిండరులో 1,500 లీటర్లు. నిమిషానికి 15 లీటర్లయితే 100 నిమిషాలు. తిరుపతి దారికి అది అంచు మీద సరిపోతుంది, అక్కడ గేటు దగ్గర ఆగవలసి వస్తే సరిపోదు. సిలిండరు ఇంకొకటి పెట్టుకోవచ్చు. కానీ ఆయన తట్టుకోగలరా? వార్డులోనే, డాక్టరు పక్కన ఉండగా, హై ఫ్లో తీసి పది నిమిషాల పాటు మాస్కు మీద కూర్చోబెట్టి చూశాము. సాచురేషన్ 80కి దిగింది. దాంతో పంపకూడదని నిర్ణయించాము. తర్వాత చాలామంది రోగులకు ఇదే పరీక్ష వాడాము. పడక దొరికిందన్న ఆశలో రోగిని బండి ఎక్కించే ముందు, బండిలో ఉండే పరిస్థితిని పడక మీదే కల్పించి చూడడం పది నిమిషాల పని.

బిగుతైన మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే బైపాప్ యంత్రాన్ని ప్రయత్నించాము. మాస్కు ముఖానికి కట్టగానే ఆయన భయంతో పీకేశారు, రెండోసారి కూడా అంతే. ముఖం చుట్టూ గాలి కారుతుంటే ఆక్సిజన్ ఖర్చు తగ్గేదీ లేదు. ఆపేశాము.

రెమ్‌డెసివిర్ కోసం కుటుంబం తిరుపతి, చెన్నై దాకా మనుషులను పంపడానికి సిద్ధపడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వహించిన సాలిడారిటీ పరిశోధనలో ఆ మందు మరణాలను చెప్పుకోదగ్గంతగా తగ్గించలేదని వాళ్లకు విడమరిచి చెప్పాము. మా దగ్గర ఉండి ఉంటే పదో రోజు లోపల కనుక ఇచ్చేవాళ్లమేమో. కర్ఫ్యూలో ఒక కొడుకును రోడ్ల మీద తిప్పి, నిజమో నకిలీయో తెలియని ఇంజెక్షనుకు అప్పు చేయించేంత లాభం మాత్రం అందులో లేదు. కోవిడ్ నుంచి కోలుకున్నవారి ప్లాస్మా అడిగారు. మన దేశంలోనే జరిగిన ప్లాసిడ్ పరిశోధనలో దానివల్ల లాభం కనిపించలేదు. ఆ నెల 17న జాతీయ మార్గదర్శకాల నుంచి కూడా దాన్ని తీసేశారు. ఇవ్వలేదు.

స్టెరాయిడ్ విషయంలో ఒత్తిడి ఇంకొక రకంగా వచ్చింది. బంధువుల్లో ఉన్న ఒక వైద్యుడు స్టెరాయిడ్‌ను కొద్ది రోజుల పాటు చాలా పెద్ద మోతాదులో, అంటే పల్స్‌గా, ఇవ్వమని ఫోనులో సూచించారు. బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరిశోధన నిరూపించింది డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 6 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా పది రోజులు. దానితో వెంటిలేటరు మీద ఉన్నవారిలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవారిలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి ఏ మేలూ జరగలేదు. ఈ రోగి మేలు లేని దశలోనే దాదాపు అదే బలమున్న మోతాదు ఇంటి దగ్గర తీసుకుని వచ్చారు. పది రోజుల లెక్క ఎప్పటి నుంచి మొదలుపెట్టాలన్న దానికి మేము చూసిన ఏ మార్గదర్శకంలోనూ జవాబు లేదు. ఆక్సిజన్ అవసరమైన రోజు నుంచే మందు పనిచేస్తుంది కనుక అప్పటి నుంచి లెక్కించాలని, కానీ ప్రతిరోజూ ఆపే అవకాశం కోసం చూడాలని, మోతాదు 6 దాటకూడదని తేల్చుకున్నాము. షుగరు 412 ఉన్న మనిషికి పల్స్ ఇస్తే అప్పటికే కోవిడ్ రోగుల్లో కనిపిస్తున్న బ్లాక్ ఫంగస్‌కు దారి వేసినట్టే. ఇన్సులిన్‌ను నరంలోకి ఎక్కిస్తూ గ్లూకోజును 140 నుంచి 180 మధ్య నిలిపాము. రోజూ ముక్కులో నల్లటి పక్కు, చెంప మొద్దుబారడం, కంటి చుట్టూ నొప్పి ఉన్నాయేమోనని చూడడం రౌండ్స్‌లో భాగమైంది. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ నివారణ మోతాదులోనే ఇచ్చాము.

పరిస్థితిని మార్చినవి

మొదట మార్చింది లక్ష్యాన్ని. 97 కోసం 90 శాతం ఆక్సిజన్ ఖర్చవుతోంది. 92 నుంచి 94 మధ్య ఉంటే ఆయన అవయవాలకు అందవలసింది అందుతుంది. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే తీరు ఎలాంటిదంటే 90కి పైన సాచురేషన్ నాలుగైదు పెరిగినా అదనంగా చేరే ఆక్సిజన్ స్వల్పమే, కానీ ఆ నాలుగైదు కోసం పెట్టే ఖర్చు విపరీతం. శాతాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చాము. మరుసటి ఉదయం భార్య ఫోను చేశారు: "సారూ, నిన్న 97 అని చెప్పినారు గదా, ఈ పొద్దు 93 అంటున్నారు. తగ్గిపోతా ఉండాడా?" తగ్గలేదని, మేమే కావాలని అక్కడ ఉంచామని, 93 చాలునని చెప్పాము. ఈ మాట రోగి చేరిన రోజే చెప్పడం తర్వాత మా అలవాటైంది. ముందుగా చెప్పకపోతే కుటుంబం దాన్ని పొదుపుగానే అర్థం చేసుకుంటుంది, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

రెండోది బోర్లా పడుకోబెట్టడం. మెలకువగా ఉన్న రోగిని బోర్లా పడుకోబెడితే ఊపిరితిత్తుల వెనుక భాగం తెరుచుకుంటుంది, రక్తం ఎక్కువగా పారే ఆ భాగానికి గాలి చేరుతుంది. అన్నిచోట్లా రాసి ఉన్న సలహానే, కానీ పొట్ట ఉన్న, ఆయాసంతో భయపడిన మనిషిని బోర్లా తిప్పడం సలహాతో అయ్యే పని కాదు. మొదటిసారి ఇరవై నిమిషాలకే లేచి కూర్చున్నారు. ఛాతీ కింద ఒక దిండు, నడుము కింద రెండు పెట్టి పొట్ట ఆనకుండా చేశాము. తిన్న గంట దాకా తిప్పవద్దని, ఒకసారి బోర్లా, ఒకసారి కుడి పక్క, కాసేపు కూర్చుని, తర్వాత ఎడమ పక్క ఉండాలని వేళలు రాసి పడకకు కట్టాము. వీటన్నిటికంటే ఎక్కువ పనిచేసింది రాత్రి డ్యూటీ ఆయమ్మ. పీపీఈ కిట్టులో చెమటతో తడుస్తూ ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, "అన్నా, ఇంకొక గంట ఇట్లే పండుకోన్నా, నేను ఈడనే ఉంటా" అని ఆయన వీపు మీద చేయి వేసి ఉండేది. బోర్లా పడుకునే చికిత్సకు పరికరాలు అక్కర్లేదని అంటారు. మనిషి కావాలి. ఆసుపత్రుల సన్నద్ధత గురించి మాట్లాడేటప్పుడు నాలుగో తరగతి సిబ్బంది సంఖ్య ఎప్పుడూ చివరి వరుసలో ఉంటుంది. అది పై వరుసలో ఉండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

బోర్లా ఉన్నప్పుడు అదే అమరికలో సాచురేషన్ నాలుగు దాకా పెరిగేది. ఆ పెరుగుదలను చూసి సంతోషించి వదిలేస్తే గ్యాస్ గదికి ఒరిగేదేమీ లేదు. పెరిగిన ప్రతిసారీ ఆక్సిజన్ శాతాన్ని 5 చొప్పున తగ్గించి, మళ్లీ 93 దగ్గరికి తెచ్చాము. ఫ్లోను మాత్రం మొదట ముట్టుకోలేదు. రోగి ఇంకా బలంగా పీలుస్తుండగా ఫ్లో తగ్గిస్తే బయటి గాలి కలిసిపోతుంది, శ్రమ పెరుగుతుంది. శ్వాస 28కి దిగాకే ఫ్లోను 60 నుంచి 50కి, తర్వాత 40కి దించాము. 40 లీటర్లు, 60 శాతం దగ్గరికి వచ్చేసరికి సిలిండరు నుంచి లాగేది నిమిషానికి సుమారు 20 లీటర్లు. రోజుకు నాలుగు సిలిండర్లు. మొదటి రాత్రి లెక్కన రోజుకు పదికి పైగా కావలసింది ఈ మనిషికే.

వీటి మధ్యలో ఒక కఠినమైన నిర్ణయం వచ్చింది. హై ఫ్లో విఫలమవుతోందా అని తెలుసుకోవడానికి రాక్స్ సూచిక వాడతాము: సాచురేషన్‌ను ఆక్సిజన్ భాగంతో (70 శాతమైతే 0.7) భాగించి, వచ్చినదాన్ని శ్వాసల సంఖ్యతో భాగించాలి. 4.88 దాటితే శ్వాసనాళంలోకి గొట్టం వేసి వెంటిలేటరు పెట్టవలసిన ప్రమాదం తక్కువ. పన్నెండు గంటల దగ్గర 3.85 కంటే తక్కువుంటే ఆలస్యం చేయకూడదు. ఈయనకు మొదట్లో 3.17 ఉంది, పన్నెండు గంటలకు సాచురేషన్ 93, ఆక్సిజన్ 70 శాతం, శ్వాస 30, అంటే 4.43. అటూ ఇటూ కాని మధ్య ప్రాంతం.

ఆ పొద్దున చర్చలో ఒక వాదన వచ్చింది. గొట్టం వేసి వెంటిలేటరుకు మారిస్తే నిమిషానికి పది లీటర్ల చిల్లర గాలితో నడుస్తుంది, అంటే హై ఫ్లో కంటే ఆక్సిజన్ ఎన్నో రెట్లు తక్కువ చాలు. లెక్కగా చూస్తే అది నిజమే. అయినా ఒప్పుకోలేదు. ఒక సిస్టరు ఎందరో రోగులను చూసుకోవలసిన ఆ రోజుల్లో గొట్టం వేసిన రోగికి కావలసిన మత్తు మందుల పర్యవేక్షణ, గొట్టంలో కఫం తీయడం, పడక పుండ్లు రాకుండా తిప్పడం మా వల్ల సరిగా అయ్యేవి కావు. వెంటిలేటరు మీదికి వెళ్లినవారిలో కోలుకున్నవారు మా దగ్గర తక్కువ. సిలిండర్లు మిగలడం గొట్టం వేయడానికి కారణం కాకూడదని, రోగి అలసిపోతున్నాడా, మగతగా ఉన్నాడా, సూచిక పడిపోతోందా అన్నవే కారణాలు కావాలని రాసుకున్నాము. రెండు గంటలకొకసారి చూస్తూ వేచి ఉండాలని, 3.85 కిందికి దిగితే ఎవరినీ అడగకుండా గొట్టం వేయాలని, దానికి కావలసినవన్నీ పడక పక్కన సిద్ధంగా ఉంచాలని నిర్ణయమైంది. మరుసటి రోజుకు సాచురేషన్ 94, ఆక్సిజన్ 60 శాతం, శ్వాస 28, సూచిక 5.6.

ఈ ఒక్క రోగికి చేసింది వార్డంతటికీ చేయకపోతే చివరి పడకకు గాలి అందదు. ఆ రాత్రి తర్వాత నాలుగు గంటలకొకసారి ఒక సిస్టరు ఆక్సిమీటరుతో ప్రతి పడకకూ వెళ్లి, 95 దాటినవారి ఫ్లో తగ్గించడం మొదలుపెట్టారు. ఎక్కించినప్పుడు పెట్టిన 15 లీటర్లను తర్వాత ఎవరూ తగ్గించని రోగులు చాలామంది కనిపించారు. అన్నం తినేటప్పుడు మాస్కు దిండు మీద పెట్టి ఫ్లో అలాగే వదిలేసినవారున్నారు. టెక్నీషియన్ సబ్బు నీళ్లతో అవుట్‌లెట్లన్నీ పరీక్షిస్తే బుడగలు వచ్చినవి కొన్ని దొరికాయి, వాషర్లు మార్చాడు.

గ్యాస్ గది తలుపు మీద ఒక బోర్డు పెట్టాము. షిఫ్టుకొకసారి, నిండు సిలిండర్ల మొత్తం లీటర్లను ఆ సమయంలో వార్డు లాగుతున్న లీటర్లతో భాగించి, మిగిలిన గంటలు రాయాలి. ఎన్ని గంటలు మిగిలితే హెచ్చరిక ఇవ్వాలన్నది గుండ్రటి అంకెగా ఎంచుకోలేదు. లారీ వెళ్లి, వరుసలో నిలబడి, నింపుకుని తిరిగి రావడానికి పట్టే సమయం ఎంతో, దానికి ఒక షిఫ్టు కలిపితే అదే మా హద్దు. వరుస పెరిగిన రోజున హద్దు కూడా పెరిగేది. ఆక్సిజన్ పంపిణీ చూసే కోవిడ్ సెల్‌కు ఫోను చేసినప్పుడు "సిలిండర్లు తక్కువున్నాయి" అనడం మాని "ఇంత మంది రోగులకు ఉదయం ఆరు వరకు ఉంది" అని చెప్పడం మొదలుపెట్టాక మాకు జవాబులు త్వరగా వచ్చాయి. అవతల కూర్చున్న అధికారి ఎన్నో ఆసుపత్రుల మధ్య ఎవరికి ముందు పంపాలో తేల్చుకోవాలి. ఆయనకు కావలసింది మా ఆందోళన కాదు, వేళ.

ఫలితం

రెండో వారంలో ఆయన హై ఫ్లో నుంచి మాస్కుకు, తర్వాత ముక్కు గొట్టాలకు వచ్చారు. మాస్కు మీద నిలకడగా ఉన్నప్పుడు, ఎనిమిది రోజుల డెక్సామెథసోన్ తర్వాత, స్టెరాయిడ్ తగ్గించడం మొదలుపెట్టాము. ఇంటి దగ్గర తీసుకున్నది కలుపుకుంటే రెండు వారాలైంది కనుక ఒక్కసారిగా ఆపకుండా కొన్ని రోజుల్లో దించాము. నడిస్తే సాచురేషన్ 88కి పడుతుండగానే, అద్దెకు తెచ్చుకున్న కాన్సంట్రేటరుతో (గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే చిన్న యంత్రం) ఇంటికి పంపాము. ఇన్సులిన్ కొనసాగింది. ఆరో వారంలో వచ్చినప్పుడు కాన్సంట్రేటరు తిరిగి ఇచ్చేశారు, ఫంగస్ లక్షణాలు లేవు. ఆయాసం మిగిలే ఉంది. నిద్ర పట్టడం లేదని, కళ్లు మూస్తే యంత్రం శబ్దం వినిపిస్తుందని చెప్పారు. దానికి మా దగ్గర అప్పుడు సరైన ఏర్పాటు లేక తిరుపతిలో మానసిక వైద్యుల దగ్గరకు పంపాము.

ఆ నెలలో మా వార్డులో ఇదే పద్ధతిలో చూసినవారందరూ బతకలేదు. లక్ష్యం తగ్గించడం, బోర్లా తిప్పడం, గంటల లెక్క రాయడం ముదిరిన ఊపిరితిత్తులను బాగు చేయవు. అవి చేసేదల్లా, రోగి జబ్బు కాని కారణంతో చనిపోకుండా చూడడం. చివరి పడకలోని పెద్దావిడ కూడా నడిచి ఇంటికి వెళ్లారు. ఈ కేసు ఫలితాల్లో ఆమెను కూడా లెక్కించాలి.

ఆ తర్వాత

పీఎం కేర్స్ నిధులతో ప్రభుత్వ ఆసుపత్రుల్లో పీఎస్‌ఏ ప్లాంట్లు వచ్చాయి, మా వంటి చోట్ల కూడా కొన్ని పెట్టుకున్నారు. గాలి నుంచే ఆక్సిజన్ తయారవుతుంది కనుక లారీ కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఇది నిజంగా మంచి మార్పు. కానీ ఆ ప్లాంటు ఇచ్చే ఆక్సిజన్ 93 శాతం దగ్గర ఉంటుంది, నిమిషానికి ఇచ్చే లీటర్లకు హద్దు ఉంటుంది, కరెంటు పోతే ఆగిపోతుంది. జనరేటరుకు డీజిలు ఎన్ని గంటలకు ఉందన్నది కూడా ఇప్పుడు అదే బోర్డు మీదికి రావాలి. 2022 డిసెంబరు 27న దేశమంతటా జరిగిన మాక్ డ్రిల్‌లో ప్లాంటు నడుస్తోందా అని చూశారు, నడిచింది. మా సొంత డ్రిల్ మేము రాత్రి పూట చేస్తాము, మెయిన్ స్విచ్ ఆపి. డ్యూటీలో ఉన్న సిస్టరు, టెక్నీషియన్ ఇద్దరే, మరెవరినీ పిలవకుండా, చివరి పడక దగ్గర ఒత్తిడి కొలిచి, మిగిలిన గంటలు లెక్కకట్టి చెప్పాలి.

ఒక విషయం మీద మాలో ఇంకా చర్చ నడుస్తోంది. నిల్వ హద్దు కిందికి దిగిన రాత్రి హై ఫ్లో అవసరమైన కొత్త రోగి వస్తే ఏం చేయాలి? ఆ రోగికి చికిత్స చేయని ఇద్దరు వైద్యులు కలిసి నిర్ణయించాలని, కారణం కేస్ షీటులో రాయాలని, ఆరు గంటలకొకసారి ఆ నిర్ణయాన్ని తిరిగి చూడాలని ప్రస్తుతానికి రాసుకున్నాము. చికిత్స చేసే వైద్యుడు తన రోగి పక్షాన గట్టిగా నిలబడే స్వేచ్ఛ ఉండాలని, వార్డు మొత్తాన్ని తూచే భారం అదే మనిషి మీద పెట్టకూడదని ఆ నియమం పెట్టాము. రాత్రి పూట ఇద్దరు వైద్యులే ఉండే ఆసుపత్రిలో ఆ ఇద్దరిని ఎక్కడి నుంచి తేవాలన్నది తేలలేదు. పక్క ఆసుపత్రి వైద్యులతో ఫోను ద్వారా ఒకరికొకరం ఈ పని చేసిపెట్టేలా ఒప్పందం రాసుకుంటున్నాము.